ఔత్సాహికుడెవరు? - మెల్‌బోర్న్, 1914

1

1914లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఒక ఫుట్‌బాల్ జట్టు 18 మ్యాచులు ఆడి పద్దెనిమిదింటిలోనూ ఓడిపోయింది. అంతకు ముందరి ఏడాది కూడా అంతే: 18 ఆటలు, 18 ఓటములు. 1912లో చివరి 15 ఓటములను కూడా కలుపుకుంటే వరసగా 51 సార్లు ఓడిన జట్టది. దాని పేరు యూనివర్సిటీ. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకునే విద్యార్థులూ, అక్కడ చదివి బయటికొచ్చిన పట్టభద్రులూ అందులో ఆటగాళ్లు. విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగులో అది 1908 నుంచి 1914 దాకా ఏడేళ్లు ఆడింది. మొత్తం 126 మ్యాచుల్లో 27 గెలిచింది, 2 సమం చేసుకుంది, 97 ఓడింది. 1914 సీజను ముగిశాక లీగునుంచి తప్పుకుంది. మళ్లీ రాలేదు.

ఓడి వెళ్లిపోయిన జట్టు చరిత్ర మనకెందుకని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ జట్టు ఎన్నిసార్లు ఓడిందన్నది మనకు ముఖ్యం కాదు. ఆ ఓటమికి చెప్పుకున్న కారణం ముఖ్యం. యూనివర్సిటీ జట్టు తన ఆటగాళ్లకు పైసా ఇవ్వలేదు, ఇవ్వనని పట్టుబట్టింది. మిగతా జట్లలో డబ్బు చేతులు మారేది. అందుచేత ఈ ఓటమి గురించి రెండు కథలు పుట్టాయి. ఆటను ఆటకోసమే ప్రేమించిన నిష్కాములు డబ్బుకు అమ్ముడుపోయిన వాళ్ల చేతుల్లో ఓడిపోయారన్నది ఒక కథ. దొరబిడ్డల డాబును ఫ్యాక్టరీ కుర్రాళ్లు అణిచారన్నది రెండో కథ. మొదటి కథ చెప్పేవాళ్లు కన్నీరు పెట్టుకుంటారు, రెండో కథ చెప్పేవాళ్లు చప్పట్లు కొడతారు. ఎవరూ లెక్కలు మాత్రం చూడరు. జీతం లేకుండా ఆడటం ఎవరికి సాధ్యం, ఎవరి ఖర్చుతో సాధ్యం అన్న ప్రశ్న ఈ రెండు కథల్లోనూ లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

2

ముందు ఆట సంగతి రెండు మాటలు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదిది. మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, బంతి కూడా అంతే. జట్టుకు 18 మంది. రెండు చివరలా నాలుగేసి గుంజలు పాతి ఉంటాయి. నడిమి రెండు గుంజల మధ్యనుంచి బంతిని తన్నితే గోలు, దానికి 6 పాయింట్లు; పక్క గుంజల సందులోంచి పోతే 1 పాయింటు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు గాని విసరకూడదు. పిడికిలితో కొట్టి తోటివాడికి అందించాలి. పదిమంది మధ్యనుంచి గాలిలోకి లేచి బంతిని ఒడిసిపట్టుకోవటం ఈ ఆటలో ప్రేక్షకులకు ప్రాణం.

1858 జులైలో టామ్ విల్స్ అనే క్రికెట్ ఆటగాడు చలికాలంలో ఆడటానికి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకుందామని పత్రికకు లేఖ రాశాడు. 1859 మే 17న మెల్‌బోర్న్ క్లబ్బు సభ్యులు కొందరు ఒక హోటల్లో కూర్చుని నియమాలు రాసుకున్నారు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది 1863లో. అంటే వలస నగరం తన ఆటకు నియమాలు రాసుకున్న నాలుగేళ్లకు గాని రాజధాని దేశానికి ఆ పని కుదరలేదు. ఆస్ట్రేలియన్లు ఈ విషయాన్ని గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోదగిందే.

కాని నియమాలు రాసినంత మాత్రాన ఆట జనంలోకి పోదు. జనానికి తీరిక ఉండాలి. ఆ తీరిక ఎక్కడినుంచి వచ్చింది? 1856 ఏప్రిల్ 21న, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ భవనం కడుతున్న రాతిపనివాళ్లు ఉలీ సుత్తీ కింద పడేసి, పార్లమెంటు భవనం దాకా ఊరేగింపుగా నడిచారు. రోజుకు ఎనిమిది గంటల పని, అంతకు మించి చెయ్యమన్నారు. కూలి తగ్గకుండానే ఆ హక్కు సాధించుకున్నారు. ప్రపంచ కార్మికోద్యమ చరిత్రలో ఎనిమిది గంటల పనిదినం కోసం జరిగిన తొలి విజయాల్లో అదొకటి. తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో శనివారం ఒంటిపూట పని కూడా ఒక్కొక్క వృత్తిలోకే పాకింది. శనివారం మధ్యాహ్నం ఖాళీ అయింది. మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ మ్యాచులు శనివారం మధ్యాహ్నమే ఎందుకు జరిగేవో దీన్నిబట్టి తెలుస్తుంది.

విశ్వవిద్యాలయం గోడలు కట్టిన రాతిపనివాళ్లే నగరానికి ఆడుకునే తీరికను కూడా సంపాదించి పెట్టారు. ఆ గోడల లోపలికి వాళ్ల పిల్లలు పోగలిగారా లేదా అన్నది వేరే సంగతి. దాని దగ్గరికి తర్వాత వస్తాం.

జనం వచ్చారు గనక టిక్కెట్లు వచ్చాయి, టిక్కెట్లతో డబ్బు వచ్చింది. 1877లో విక్టోరియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. బాగా డబ్బు వసూలయ్యే ఎనిమిది క్లబ్బులు దాన్నుంచి చీలి 1897లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగును మొదలుపెట్టాయి. మైదానానికి కంచె కట్టి డబ్బు వసూలు చేస్తారు; క్లబ్బుకు ఆదాయం, కార్యదర్శికి జీతం, పత్రికలకు అమ్మకం, పందేలు కట్టించుకునేవాడికి వ్యాపారం. ఇంతమంది పొట్ట నింపే ఈ ఆటలో డబ్బు ముట్టుకోకూడనివాడు ఒక్కడే. అతను బంతి తన్నే ఆటగాడు. అతను మాత్రం 'అమెచ్యూర్'గా ఉండాలి.

3

ఈ 'అమెచ్యూర్' అనే మాటను కాస్త నిలబెట్టి చూద్దాం. వ్యుత్పత్తి ప్రకారం 'ప్రేమించేవాడు' అని అర్థం. తెలుగులో మనం 'ఔత్సాహికుడు' అంటున్నాం. నాటకరంగంలో ఈ మాట మనకు బాగా అలవాటు. ఔత్సాహిక నాటక సమాజాలు ఒక వైపు, వృత్తి సమాజాలు మరో వైపు. బళ్లారి రాఘవ న్యాయవాది. కోర్టు పని ఆయనకు అన్నం పెట్టింది, నాటకం ఆయన ప్రాణం. 1885 నుంచి తరతరాలుగా ఆడుతున్న సురభి కుటుంబాలకు మాత్రం నాటకమే ప్రాణం, నాటకమే అన్నం. వీళ్లకు నాటకం మీద ఉత్సాహం లేదని ఎవరైనా అనగలరా? కాని మన మాట అలాగే అంటున్నది. అన్నం వేరేచోట దొరికినవాడికి 'ఉత్సాహం' అనే బిరుదిచ్చి, పనిలోనే అన్నం వెతుక్కున్నవాడికి 'వృత్తి' అని పేరు పెడుతున్నది. ఈ తేడా మనం కనిపెట్టింది కాదు, మాటతో పాటు దిగుమతి అయింది.

ఎక్కడినుంచి? ఇంగ్లండునుంచి. 1879లో హెన్లీ పడవపందేల నిర్వాహకులు 'అమెచ్యూర్' అంటే ఎవరో నిర్వచించారు. పందెంలో డబ్బు తీసుకున్నవాడు కాదన్నారు, బాగానే ఉంది. అంతటితో ఆగలేదు. కూలికి పనిచేసే యంత్రపనివాడు, చేతిపనివాడు, శ్రామికుడు కూడా అమెచ్యూర్ కాడన్నారు. అతను ఎప్పుడూ పైసా పుచ్చుకోకుండా, కేవలం ప్రేమతోనే తెడ్డు వేసినా సరే. దాదాపు 60 ఏళ్లు ఆ నియమం అమల్లో ఉంది. మాట చెప్పే అర్థం వేరు, మాట చేసే పని వేరు అనటానికి ఇంతకన్నా తేటతెల్లమైన ఉదాహరణ దొరకదు.

1895లో ఉత్తర ఇంగ్లండులోని రగ్బీ క్లబ్బులు ఒక చిన్న కోరిక కోరాయి. గని కార్మికుడో మిల్లు కార్మికుడో శనివారం ఆట కోసం పని మానితే, ఆ పోయిన పూట కూలి ఇప్పించమన్నాయి. ఆటకు జీతం అడగలేదు, నష్టపోయిన కూలి మాత్రమే అడిగాయి. లండన్ పెద్దలు ఒప్పుకోలేదు. ఇరవైకి పైగా క్లబ్బులు చీలిపోయాయి. 1907లో సిడ్నీలో అలెక్ బర్డన్ అనే మంగలి రగ్బీ ఆడుతూ భుజం దెబ్బతిని పనికి పోలేకపోయాడు. ఆటను నడిపే సంఘం అతనికి పరిహారం ఇవ్వలేదు. అక్కడ కూడా చీలిక వచ్చింది. ఆటలో కాలు విరిగితే వకీలుకు నొప్పి మాత్రమే మిగులుతుంది. మంగలికి నొప్పితో పాటు ఇంటిల్లిపాదికీ పస్తు కూడా మిగులుతుంది.

4

ఇప్పుడు మెల్‌బోర్న్‌కు తిరిగి వద్దాం. 1911 దాకా లీగు నియమాల ప్రకారం ఆటగాళ్లందరూ అమెచ్యూర్లే. కాగితం మీద మాత్రమే. క్లబ్బులు 'ఖర్చుల' పేరుతో చాటుగా చెల్లించేవి. చాటు వ్యవహారం ఉన్నచోట మరింత చాటు వ్యవహారం పుడుతుంది. 1910లో కార్ల్‌టన్ జట్టుకు చెందిన ఇద్దరు ఆటగాళ్లు, అలెక్స్ లాంగ్, డగ్ ఫ్రేజర్, మ్యాచి ఓడిపోవటానికి లంచం తీసుకున్నారని తేలింది. ఒక్కొక్కరిని 99 మ్యాచుల పాటు బహిష్కరించారు. మరుసటి ఏడాది, 1911లో, లీగు ఆటగాళ్లకు బహిరంగంగా డబ్బు చెల్లించటానికి అనుమతించింది. అదే ఏడాది సెయింట్ కిల్డా ఆటగాళ్లు తమ కమిటీతో తగాదాపడి ఆడటానికి నిరాకరించారు. ఆటగాడు తాను పనివాడినని గుర్తించటం మొదలుపెట్టాడు.

దీనికి ఎదురుదెబ్బ కూడా వెంటనే వచ్చింది. మెట్రోపాలిటన్ జూనియర్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అని 1892లో పుట్టిన సంఘం ఒకటుంది. యూనివర్సిటీ జట్టు 1908లో లీగులోకి వచ్చింది ఈ సంఘం నుంచే. లీగు చెల్లింపులకు తలుపు తెరిచిన మరుసటి ఏడాది, 1912లో, ఆ సంఘం తన పేరులోంచి 'జూనియర్' తీసేసి 'అమెచ్యూర్' అని పెట్టుకుంది. పేరు మార్పు చిన్న సంగతిలా కనిపిస్తుంది గాని కాదు. అంతవరకు ఆ సంఘానికి అది చిన్నజట్ల పోటీ అన్నదే గుర్తింపు. ఇప్పుడు నైతికంగా గొప్ప పోటీ అన్నది గుర్తింపయింది. ఆ సంఘానికి పెద్ద దిక్కు వెస్లీ కాలేజీ ప్రధానోపాధ్యాయుడు ఎల్.ఎ. ఆడమ్‌సన్. పెద్ద ఆస్తి వారసత్వంగా వచ్చినవాడు. పాఠశాల కోసం సొంత డబ్బు ధారాళంగా ఖర్చుచేసిన ఉదారుడు కూడా. డబ్బు ఆటను చెడగొడుతుందని మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆయన చిత్తశుద్ధిని శంకించనక్కర్లేదు. డబ్బు గురించి ఆలోచించాల్సిన అవసరం ఏనాడూ రాని మనిషికి డబ్బు మీద అసహ్యం పెంచుకోవటం తేలికని మాత్రం చెప్పుకోవాలి.

లీగు లోపల ఈ ఆదర్శానికి జెండా యూనివర్సిటీ జట్టు. 1910లో అది పది జట్లలో ఆరో స్థానం దాకా వచ్చింది. 1911 తర్వాత దిగజారటం మొదలైంది. దీన్నిబట్టి 'డబ్బే చంపింది' అనేశారు. కాని డబ్బు 1911లో పుట్టలేదు; చాటునుంచి బయటికి వచ్చిందంతే. మరో కారణం ఆ జట్టు సొంత నియమంలోనే ఉంది. మెట్రిక్యులేషన్ ప్యాసయినవాడో, డిగ్రీ ఉన్నవాడో అయితేనే యూనివర్సిటీ తరఫున ఆడాలి. రిచ్‌మండ్, కాలింగ్‌వుడ్ జట్లు తమ పేటలో బంతి తన్నగలిగిన ఏ కుర్రాణ్ణయినా పిలవగలవు. యూనివర్సిటీ పిలవలేదు. పిలిచినవాడు కూడా నిలవడు. పరీక్షలొస్తాయి, వైద్య విద్యార్థికి ఆస్పత్రి పనులొస్తాయి, చదువు పూర్తి కాగానే ఉద్యోగం మరో ఊరికి లాక్కుపోతుంది.

మెట్రిక్యులేషన్ అనే ఈ గుమ్మం ఎవరికి తెరిచి ఉంది? విక్టోరియాలో 1872 చట్టం ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం చేసింది. మంచి చట్టం. కాని ప్రభుత్వం నడిపే మొదటి సెకండరీ పాఠశాల 1905లో గాని రాలేదు. అంతవరకు సెకండరీ చదువు ప్రధానంగా ఫీజులు పుచ్చుకునే ప్రైవేటు పాఠశాలల సొత్తు. 1914లో ఆడిన విద్యార్థుల తరం ఈ పాఠశాలల్లోంచి వచ్చిన తరమే. అటు 1907లో న్యాయమూర్తి హిగిన్స్ ఇచ్చిన ప్రసిద్ధమైన హార్వెస్టర్ తీర్పు, భార్యా ముగ్గురు పిల్లలూ ఉన్న మామూలు కూలివాడు నాగరికంగా బతకటానికి రోజుకు 7 షిల్లింగులు, వారానికి 42 షిల్లింగులు కావాలని లెక్క తేల్చింది. ఆ 42 షిల్లింగుల్లో తిండి, అద్దె, బట్టలు, బొగ్గు పోను పదిహేడేళ్ల కొడుకును కూలికి పంపకుండా చదివించటం ఎందరి వల్ల అయ్యేది?

ఇక గుమ్మం దాకా రానివ్వని వాళ్ల సంగతి వేరు. 1901 వలస నియంత్రణ చట్టం మనలాంటి వాళ్లను ఆ దేశపు రేవులోనే ఆపింది. ఆ నేల మొదటి సొంతదారులైన ఆదివాసుల్లోంచి వచ్చిన డగ్ నికల్స్ 1920ల చివర కార్ల్‌టన్ జట్టులో చేరబోతే రంగు కారణంగా తిప్పి పంపారు. అతను 1932లో ఫిట్జ్‌రాయ్‌కి ఆడాడు, 1976లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరయ్యాడు. ఆ రంగుగోడ విషయంలో అమెచ్యూర్‌కూ ప్రొఫెషనల్‌కూ పెద్ద తేడా లేదు.

5

ఇంత చెప్పాక కూడా 1914 జట్టును వెక్కిరించటం నాకు చేతకాదు. వరసగా ఓడిపోతూ, వచ్చే శనివారం మళ్లీ ఓడిపోతామని తెలిసి కూడా బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగటం సామాన్యం కాదు. రాయ్ పార్క్ అనే పొట్టి వైద్య విద్యార్థి 1913లో, తన జట్టు ఒక్క మ్యాచి కూడా గెలవని సీజనులో, 53 గోల్స్ కొట్టాడు. బంతి తన దాకా రావటమే గగనమైన జట్టులో ముందువరస ఆటగాడు సాధించిన లెక్క ఇది. తర్వాత అతను డాక్టరయ్యాడు, 1920-21లో మెల్‌బోర్న్‌లో ఇంగ్లండు మీద ఒకే ఒక్క టెస్టు క్రికెట్ మ్యాచి ఆడి మొదటి బంతికే అవుటయ్యాడు. డబ్బిచ్చే జట్టుకు పోగలిగి కూడా 1914 చివరిదాకా తన జట్టుతోనే ఉన్నాడు. ఆ విశ్వాసం నిజమైంది. ఔత్సాహికత ఒక వర్గం చేతిలో ఆయుధమయిందంటే, దాన్ని నమ్మినవాళ్లంతా కపటులని కాదు. చరిత్ర రాసేవాడు ఈ రెంటినీ కలిపేస్తే తప్పు చేసినట్టే.

1914 ఆగస్టు 5న, మెల్‌బోర్న్ రేవు ముఖద్వారం దగ్గర, పారిపోజూస్తున్న ఒక జర్మన్ ఓడను ఆపటానికి ఫోర్ట్ నెపీన్ నుంచి ఫిరంగి పేల్చారు. ఆ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం పేల్చిన మొదటి గుండు అదేనంటారు. ఫుట్‌బాల్ ఆగలేదు. యూనివర్సిటీ మిగిలిన ఆటలన్నీ ఆడింది, అన్నీ ఓడింది. సెప్టెంబరు 26న జరిగిన చివరి పోటీలో కార్ల్‌టన్ సౌత్ మెల్‌బోర్న్‌ను 6 పాయింట్ల తేడాతో ఓడించింది. 1915 సీజను మొదలయ్యేనాటికి యూనివర్సిటీ లీగులో లేదు. కొందరు ఆటగాళ్లు మెల్‌బోర్న్ జట్టుకు వెళ్లారు. చాలామంది సైన్యానికి వెళ్లారు.

1915 ఏప్రిల్ 25న గలిపోలీ తీరంలో దిగిన మొదటిరోజే రూపర్ట్ బాల్ఫ్ చనిపోయాడు. 1916 జులైలో ఫ్రాన్సులోని ఫ్రొమెల్ దగ్గర, ఒకే రాత్రిలో 5,500 మందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయో, గాయపడో, పట్టుబడో పోయిన దాడిలో రిచర్డ్ గిబ్స్ చనిపోయాడు. ఇద్దరూ యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లే. ఇంకా పలువురున్నారు. గెలుపోటముల పట్టికలో ఆఖరున ఉన్న జట్టు చనిపోయినవాళ్ల పట్టికలో ముందుకొచ్చింది.

6

సరిగ్గా ఇక్కడే 'అమెచ్యూర్' అనే మాట రెండో పని మొదలుపెట్టింది. అంతవరకు అది ఆటలో ఎవరు ఘనులో చెప్పింది. ఇప్పుడు దేశంలో ఎవరు భక్తులో చెప్పటం మొదలుపెట్టింది. అమెచ్యూర్ పోటీలు యుద్ధకాలంలో నిలిచిపోయాయి. లీగు ఆగలేదు. ఆడమ్‌సన్ వంటి పెద్దలు దాన్ని బహిరంగంగా ఖండించారు. 1916లో లీగులో నాలుగే జట్లు మిగిలాయి: కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, ఫిట్జ్‌రాయ్, రిచ్‌మండ్. నాలుగూ నగరం నడిబొడ్డున ఉన్న కార్మికపేటల జట్లు. ఆ ఏడాది ఫిట్జ్‌రాయ్ పన్నెండు మ్యాచుల్లో రెండే గెలిచి నాలుగో స్థానంలో, అంటే ఆఖరి స్థానంలో నిలిచింది. నాలుగు జట్లకూ ఫైనల్స్‌లో చోటుంది గనక అక్కడ గెలిచి ఛాంపియన్ అయింది. ఇప్పటికీ ఇది తమాషాగా చెప్పుకునే ముచ్చట. తమాషా వెనక ఉన్న ప్రశ్న గంభీరమైంది. ఆ నాలుగు పేటలూ ఆట ఎందుకు ఆపలేదు?

పెద్దమనుషులు చెప్పిన జవాబు: డబ్బుకోసం ఆడేవాళ్లకు దేశం పట్టదు. ఈ జవాబును లెక్కలతో పరీక్షిద్దాం. ఆస్ట్రేలియన్ సైనికుడికి ఇచ్చిన జీతం రోజుకు 6 షిల్లింగులు. బ్రిటిష్ సిపాయి జీతం కన్నా అది ఎన్నో రెట్లెక్కువ గనక తొలి దళాల్లో చేరినవాళ్లను 'రోజుకు ఆరు షిల్లింగుల యాత్రికులు' అని వేళాకోళం చేశారు కూడా. 1914లో కరువు, నిరుద్యోగం ముమ్మరంగా ఉన్నాయి. ఆ ఆరు షిల్లింగులు సైన్యంలోకి నడిపించినవాళ్లు తక్కువ కాదు. మరి జీతం పుచ్చుకుని యుద్ధం చేసినవాడి దేశభక్తికి మచ్చ రాలేదు గదా! రాకూడదు కూడా. శనివారం మధ్యాహ్నం బంతి తన్ని నాలుగు డబ్బులు పుచ్చుకున్నవాడి ప్రేమకు మాత్రం మచ్చ ఎందుకొచ్చింది? చావుకు కూలి ఇస్తే గౌరవం, ఆటకు కూలి ఇస్తే అపచారం. ఈ తర్కంలో డబ్బు మీద అసహ్యం ఎక్కడా లేదు. కూలివాడి తీరిక మీద ఉన్న అసహ్యమే ఉంది.

ఇక డబ్బు పుచ్చుకునే లీగులో ఆడినవాళ్లు యుద్ధానికి పోలేదన్నది పచ్చి అబద్ధం. 1915లో కార్ల్‌టన్ గెలిచిన జట్టులో ఆడిన జార్జి చాలిస్ 1916 జులైలో ఫ్రాన్సులో చనిపోయాడు. 1914 చివరి పోటీలో సౌత్ మెల్‌బోర్న్‌కు ఆడిన బ్రూస్ స్లాస్ 1917 జనవరిలో చనిపోయాడు. స్లాస్ చనిపోవటానికి రెండు నెలల ముందు, 1916 అక్టోబరు 28న, లండన్‌లో ఆస్ట్రేలియన్ సైనికులు రెండు జట్లుగా ఏర్పడి తమ ఆట ఆడారు. ఒక జట్టుకు స్లాస్ నాయకుడు. సరిగ్గా అదేరోజు ఆస్ట్రేలియాలో, నిర్బంధ సైనిక సేవ ఉండాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ప్రధాని హ్యూస్ ఉండాలన్నాడు. ప్రజలు స్వల్ప ఆధిక్యతతో వద్దన్నారు. 1917 డిసెంబరు 20న మళ్లీ అడిగితే మరింత ఎక్కువమంది వద్దన్నారు. వద్దని ప్రచారం చేసినవాళ్లలో కార్మిక సంఘాలున్నాయి, స్త్రీలున్నారు. 1883లో ఇదే మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పుచ్చుకుని ఆస్ట్రేలియాలో మొదటి మహిళా పట్టభద్రురాలైన బెల్లా గెరిన్ వాళ్లలో ఒకరు. విశ్వవిద్యాలయం అంతా ఒక వైపు, కార్మికపేట అంతా మరో వైపు అని గీత గీసేవాళ్లకు ఆమె జీవితం జవాబు చెబుతుంది.

స్వచ్ఛందంగా పోయినవాళ్లు దాదాపు 4 లక్షలు. దాదాపు 60,000 మంది తిరిగి రాలేదు. వాళ్లలో అత్యధికులు కూలీలు, చేతిపనివాళ్లు, గుమాస్తాలు, రైతుకూలీలు. ఆ నాలుగు పేటలు యుద్ధానికి కొడుకుల్ని పంపాయి. శనివారం మధ్యాహ్నాన్ని మాత్రం వదులుకోలేదు. 1856 నుంచి పోరాడి తెచ్చుకున్నది అదొక్కటే మిగిలింది మరి.

మనకు సంబంధించిన ఒక వివరం కూడా చెప్పుకోవాలి. రూపర్ట్ బాల్ఫ్ చనిపోయిన ఏప్రిల్ 25నే, ఆ తీరంలోనే భారత సైన్యపు పర్వత ఫిరంగి దళం కంచరగాడిదల మీద ఫిరంగులు ఎక్కించుకుని దిగింది. అప్పుడు భారత పదాతి సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. ఆస్ట్రేలియన్ సైనికుడి ఆరు షిల్లింగులను ఆనాటి మారకం ప్రకారం లెక్కిస్తే నెలకు 135 రూపాయలవుతుంది. ఒకే ఇసుక మీద ఒకే గుండుకు ఎదురు నిలిచిన ఇద్దరి ప్రాణాలకు కట్టిన ధర ఇది. సామ్రాజ్యం ఎవరి ఉత్సాహాన్ని ఏ రేటున కొన్నదో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

7

యూనివర్సిటీ జట్టు తర్వాత అమెచ్యూర్ పోటీల్లోకే తిరిగి వెళ్లింది. బ్లాక్స్, బ్లూస్ అని రెండు జట్లుగా అక్కడ ఇప్పటికీ ఆడుతున్నది. ఆ నాలుగు పేటల జీవితం సాహిత్యంలోకి రావటానికి మరికొంత కాలం పట్టింది. 1950లో ఫ్రాంక్ హార్డీ అనే కమ్యూనిస్టు రచయిత కాలింగ్‌వుడ్‌ను క్యారింగ్‌బుష్ అని పేరు మార్చి 'పవర్ వితౌట్ గ్లోరీ' నవల రాశాడు. ప్రచురణకర్తలను నమ్ముకోకుండా కార్మిక మిత్రుల సాయంతో తానే అచ్చువేసుకున్నాడు. పరువునష్టం నేరం మోపి కోర్టుకీడ్చారు. 1951లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ పుస్తకం రాస్తున్న ఏళ్లలో హార్డీ అమెచ్యూరా, ప్రొఫెషనలా? ఈ ప్రశ్న అడగగానే ఆ మాటల పస ఎంతో తెలిసిపోతుంది.

మనం రచయితలం. మన పత్రికల్లో రాసేవాళ్లలో నూటికి తొంభై మంది ప్రతిఫలం ఆశించకుండానే రాస్తున్నాం. దాన్ని 'సాహిత్యసేవ' అంటున్నాం, గర్వపడుతున్నాం. గర్వపడటంలో తప్పులేదు. రాయ్ పార్క్‌ను గౌరవించినట్టే మనల్ని మనం గౌరవించుకోవచ్చు. కాని ఆ గర్వం ఒక్క అడుగు ముందుకు వేస్తే ఆడమ్‌సన్ దగ్గరికి చేరుతుంది. ఉద్యోగం ఉన్నవాడు, సాయంత్రం తన కుర్చీ తనదైనవాడు, ఇంట్లో వంటపని మరొకరు చేసిపెట్టేవాడు డబ్బులేకుండా రాయగలడు. బీడీలు చుట్టే అమ్మాయి, కూలికి పోయే కుర్రాడు కథ రాయాలంటే ఆ రాత్రి నిద్ర పెట్టుబడి పెట్టాలి. వాళ్లు పారితోషికం అడిగితే మనలో కొందరికి అది ఎందుకో కటువుగా వినిపిస్తుంది. వాళ్లు రాయకపోతే 'ఉత్సాహం లేదు' అంటాం. మన సాహిత్యంలో ఎవరి గొంతులు ఎందుకు తక్కువగా వినపడుతున్నాయో వెతికేటప్పుడు, ప్రతిభ గురించి మాట్లాడే ముందు తీరిక గురించి మాట్లాడటం అవసరం.

ప్రేమతో చేసే పని గొప్పదే. ఆ ప్రేమకు కావలసిన తీరికను ఎవరు సంపాదించి పెట్టారో మరిచిపోయినప్పుడే అది అహంకారంగా మారుతుంది. 1914లో ఓడిపోయిన విద్యార్థులు చదువుకున్న ఆ భవనాన్ని, 58 ఏళ్ల ముందు కొందరు రాతిపనివాళ్లు సగంలో వదిలి నడిచి వెళ్లారు. తీరిక సాధించుకున్నాకే తిరిగి వచ్చి మిగతా గోడ కట్టారు.